బిళ్ళగన్నేరు

మన యిండ్ల పెరళ్లలోను, గోడల పగుళ్లలోను, బావిగట్టు రాళ్ల సందులలోను ఎవరును నాటకయే మొలచి, ఎవరును నీరు పోయకయే బ్రదికి, ఏడాది పొడవున పూచుచుండు మొక్క యొకటి కలదు. అదియే బిళ్ళగన్నేరు. తమిళులు దీనిని నిత్యకల్యాణి యందురు. పశువులు దీనిని ముట్టవు. బాలురు పూలు త్రుంచి పారవైతురు. పెద్దలు కలుపుమొక్కయని పెరికివేయుదురు. ఇట్టి మొక్క పసిబిడ్డల ప్రాణములను నిలుపుచున్నదనిన చదువరులకు వింతగా తోపవచ్చును.

దీని జన్మభూమి ఆఫ్రికాఖండమునకు తూర్పున హిందూమహాసముద్రములోనున్న మడగాస్కరు ద్వీపము. పూలతోటల మూలమున ఇది ఉష్ణదేశములన్నిటికిని వ్యాపించినది. 1759లో లిన్నేయసు అను స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు దీనికి వింకా రోజియా యని పేరిడెను. 1837లో జార్జి డాన్ అను నాతడు కాథరాంథసు రోజియసు అని మార్చెను. గ్రీకు భాషలో ఈ పేరునకు నిర్మలపుష్పమని భావము. గన్నేరు, జిల్లేడు మొదలగునవి దీని కుటుంబములోనివే.

ఈ మొక్క సుమారు ఒక మీటరు ఎత్తువరకు పెరుగును. ఆకులు కోలగా, నున్నగా నుండి, ఎదురెదురుగా జంటలై యుండును. నడిమి యీనె తెల్లగా కనబడును. పువ్వు అడుగున సన్నని గొట్టమును, పైన బిళ్ళవలె పరచుకొనిన అయిదు రేకులును ఉండును. రంగు తెలుపు గాని గులాబి గాని. కొన్నిటి నడుమ ఎఱ్ఱని చుక్క యుండును. కాయలు జంటగా, సన్నగా కాచి, ఎండి పగిలి, చిన్న నల్లని గింజలను రాల్చును.

ఇక దీని మహిమ తెలిసిన విధము వినదగినది. జమైకా ద్వీపమున కొందరు మధుమేహమునకు ఈ యాకుల కషాయము త్రాగెడివారు. 1952లో అచ్చటినుండి కెనడాలోని క్లార్కు నోబుల్ అను వైద్యునకు కొన్ని యాకులు కవరులో వచ్చెను. ఆయన వానిని పరిశోధకుడగు తన సోదరుడు రాబర్టు నోబులునకు పంపెను. రాబర్టు ఆకుల రసమును ఎలుకలకు త్రాగించి చూచెను. రక్తములోని చక్కెర తగ్గలేదు. సూదిమూలమున ఎక్కింపగా రక్తములోని తెల్లకణములు మిక్కిలి తగ్గిపోయెను. వెదకినది దొరకలేదు, దొరకినదానిని ఆయన పారవేయలేదు. తెల్లకణములు మితిమీరి పెరుగు రక్తపు క్యాన్సరునకు ఇది పనికివచ్చునేమో యని యోచించెను. చార్లెస్ బీరు అను రసాయనశాస్త్రజ్ఞునితో గూడి 1958లో విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును లోకమునకు తెలిపెను. పిమ్మట అమెరికాలో ఈ మొక్కనుండియే విన్‌క్రిస్టిన్ అను మరియొక మందు తీయబడెను. 1963లో దాని వాడుకకు అనుమతి లభించెను.

కణము రెండుగా విడివడుటకు దానిలో సన్నని దారములవంటి నిర్మాణ మేర్పడవలెను. ఈ మందులు దానిని ఏర్పడనీయవు. కనుక క్యాన్సరుకణములు వృద్ధిపొందక నశించును. పూర్వము రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డలలో బ్రదికినవారు అరుదు. నేడు విన్‌క్రిస్టినును ఇతర మందులతో కలిపి యిచ్చుటచే, వైద్యవసతులు చక్కగానున్న దేశములలో, బిడ్డలకు ఎక్కువగా వచ్చు రకమున పదిమందిలో సుమారు తొమ్మండ్రు స్వస్థులగుచున్నారు. అయితే ఆకులో ఈ పదార్థములు అత్యల్పము. ఒక గ్రాము విన్‌బ్లాస్టినునకు సుమారు 500 కిలోల యెండుటాకులు కావలెను!

అందుచే దీనిని పొలములలోను పండింతురు. మన దేశమున తమిళనాటిలో ఈ సాగు కలదు. ఇసుకపాలు గల తేలికనేల దీనికి శ్రేష్ఠము. నారు పోసి, రెండు నెలల మొక్కలను 45 సెంటీమీటర్ల యెడముగల వరుసలలో, మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్ల దూరమున నాటుదురు. ఎండకు ఓర్చును గాని నీరు నిలిచిన వేళ్లు కుళ్లును. ఆరవ నెలను, తొమ్మిదవ నెలను ఆకు కోసి, ఏడాదికి వేళ్లతో పెరికివేయుదురు. వేరునుండి రక్తప్రసారమునకు సంబంధించిన మందు తీయుదురు.

ఒక హెచ్చరిక. మధుమేహమునకని ఈ యాకులు నమలువారు మనలో నేటికిని కలరు. ఇది విషపు మొక్క. పరిశోధనాలయమున శుద్ధిచేసి, కొలతతో, వైద్యుడు నరములోనికి ఎక్కించిన మందు వేరు. పెరటిలో త్రుంచిన ఆకు వేరు. కావున బాలబాలికలారా, దీనిని నోట పెట్టకుడు. కాని గోడసందున ఈ పువ్వు కనబడినపుడు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. కవరులో వచ్చిన కొన్ని యాకులను శ్రద్ధగా చూచినవాని వలన ఎందరు తల్లుల కన్నీరు తుడువబడెనో తలచుకొనుడు.