కార్చిచ్చును చెవితో పట్టేవాళ్లు

2018 నవంబర్ 8, ఉత్తర కాలిఫోర్నియా. ఉదయం ఆరున్నర ప్రాంతంలో పుల్గా అనే చిన్న ఊరి దగ్గర హైటెన్షన్ లైను కింద నిప్పు రాజుకుంది. ముందుగా చేరిన ఫైర్ కెప్టెన్‌కు మంట దగ్గరికి వెళ్లే దారి లేదు. నదికి ఇవతలి గట్టునుంచే చూసి, గాలి తీవ్రంగా ఉంది, ఇది చాలా పెద్దదయ్యేలా ఉందని వైర్‌లెస్‌లో చెప్పాడు. ఎనిమిది గంటలకల్లా ప్యారడైజ్ పట్టణం అంటుకుంది. ‘క్యాంప్ ఫైర్’గా పేరుపడిన ఆ కార్చిచ్చులో 85 మంది చనిపోయారు.

కెప్టెన్ పలికిన ఆ మాటల్లో రహస్యమేమీ లేదు. ఆ చుట్టుపక్కల స్కానర్ పెట్టుకున్న ఎవరికైనా అందేవే.

స్కానర్ కూడా రేడియోనే, కాకపోతే ఒక్క స్టేషన్ దగ్గర నిలవదు. ముందే మెమరీలో పెట్టిన ఛానెళ్లను సెకనుకు పదుల లెక్కన తడుముకుంటూ పోతుంది. సిగ్నల్ తగిలిన చోట ఆగి, మాట ముగియగానే మళ్లీ బయల్దేరుతుంది. ఖాళీ ఛానెల్లోని గరగర చెవిన పడకుండా ‘స్క్వెల్చ్’ అనే సర్క్యూట్ చూసుకుంటుంది.

కాలిఫోర్నియా అటవీ అగ్నిమాపక శాఖ ‘కాల్ ఫైర్’ ప్రధానంగా 151 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కల పాతకాలపు అనలాగ్ ఎఫ్‌ఎంలోనే మాట్లాడుతుంది. రెండు మీటర్ల పొడవుండే ఈ తరంగాలకు కొండ అడ్డొస్తే అంతే సంగతులు. అందుకే శిఖరాల మీద రిపీటర్లు పెట్టారు. లోయలోంచి వచ్చిన మాటను అవి అందుకుని మరో ఫ్రీక్వెన్సీపై చుట్టూ చాటుతాయి. ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకునే రిపీటర్లు చాలానే ఉంటాయి కాబట్టి, ఏది మేల్కోవాలో తెలియడానికి మాట అడుగున సన్నటి స్వరం ఒకటి కలుపుతారు. ఒకటో నంబరు టోన్ అంటే 110.9 హెర్ట్‌జ్. రేడియో దాన్ని వడగట్టేస్తుంది కనుక మన చెవికి తెలియదు.

పైన తిరిగే విమానాల మధ్య సంభాషణ మాత్రం ఏఎం పద్ధతిలో సాగుతుంది. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది. ఏఎంలో అయితే కీచుమని శబ్దం వస్తుంది, రెండో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. పొగలో ఎగిరే పైలట్లకు ఆ కీచుశబ్దం చిరాకే గానీ, చాలా విలువైనది.

చెవి అలవాటు పడినవాళ్లు మొదటి నివేదిక కోసం కాచుకుంటారు. ఎన్ని ఎకరాలు, కాలుతున్నది గడ్డా పొదలా, వ్యాపించే వేగం ఎంత, ఇళ్లకు ముప్పుందా అనేవి రెండు మూడు ముక్కల్లో అయిపోతాయి. అయితే అది ఒక మనిషి తొలిచూపు అంచనా మాత్రమే. పది ఎకరాలన్నది కాసేపటికి నలభై కావచ్చు. ఊరు ఖాళీ చేయించమని కెప్టెన్ అడగడం వేరు, అధికారిక ఆదేశం రావడం వేరు. ఈ తేడా తెలియకుండా విన్నదాన్ని విన్నట్టు ఊరంతా చాటేవాళ్లతోనే అసలు చిక్కు.

ఆ చిక్కుకు విరుగుడు లాంటిది ‘వాచ్ డ్యూటీ’. జాన్ మిల్స్ 2021లో మొదలుపెట్టిన ఈ లాభాపేక్షలేని యాప్‌లో మాజీ అగ్నిమాపక సిబ్బంది, డిస్పాచర్లు స్కానర్లు వింటారు, కొండల మీది కెమెరాలతో సరిచూసి, ఆ తర్వాతే కబురు పెడతారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడుతున్నప్పుడు యాపిల్ యాప్ స్టోర్ ఉచిత యాప్‌లలో ఇదే మొదటి స్థానంలో నిలిచింది. కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు, వాళ్లకిది దూరపు ముచ్చట కాదు.

మన దగ్గర ప్రభుత్వ వైర్‌లెస్‌ను ఇలా వినే అలవాటు లేదు. నల్లమలలోనో శేషాచలంలోనో నిప్పు పుడితే ఉపగ్రహం పసిగట్టాలి. ఆ సమాచారాన్ని అందుకునే పనిలో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది ముఖ్యపాత్ర. ఉపగ్రహం మళ్లీ పైనుంచి వెళ్లేదాకా కొన్ని గంటలు ఆగాల్సి వస్తుంది. ఆ సమాచారంతో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరికల కోసం మామూలు పౌరులు కూడా తమ ఫోన్ నంబరు నమోదు చేసుకోవచ్చు.