మూఁడవ మోతాదు మానకుఁడు

వరికి యూరియాను ఒక్కసారిగా చల్లక దఫాలుగా వేయవలెనని మేము పొలము గట్టున తఱచుగా చెప్పుచుందుము. చిరుపొట్ట దశలో వేయవలసినది మానినచో మొదట వేసినదాని ఫలము పూర్తిగా దక్కదు. పసిబిడ్డల టీకాలయందును ఇట్టి క్రమమే కలదు.

న్యుమోకోకస్ అను సూక్ష్మజీవి పిల్లల ముక్కులలో నివసించుచు, అదను దొరకినపుడు ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియాను, మెదడు పొరలకు పాకి వాపును కలిగించును. రెండేండ్లలోపు బిడ్డలకు అపాయము మెండు. దీనిని నివారించు టీకా మన రాష్ట్రమున 2021వ సంవత్సరము ఆగస్టు నుండి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించుచున్నది. 6 వారములకు మొదటిది, 14 వారములకు రెండవది, 9 నెలలకు మూఁడవది.

ఈ రక్షణ యెంతకాలము నిలుచును? మొదటి రెండు మోతాదులవలన కలిగిన బలము నెలలు గడచుకొలది తగ్గును. మూఁడవది దానిని మఱల పెంచి, రెండవ యేట సన్నగిల్లకుండ కాపాడును. దక్షిణాఫ్రికాలో శైశవమున మూఁడు మోతాదులు పొందిన బిడ్డలను పరిశీలింపగా, సుమారు ఆరేండ్ల పిమ్మటను తీవ్రవ్యాధినుండి రక్షణ నిలిచియుండెను. గండకాలమగు మొదటి ఐదేండ్లు దాటుటకు ఇది గొప్ప అండ.

మన డెల్టాలో చిక్కు వేఱొకటి కలదు. కార్తీకమున పుట్టిన బిడ్డకు తొమ్మిది నెలలు శ్రావణమున నిండును. అప్పుడే విజయవాడ బ్యారేజీ నీరు చేలకెక్కి నాట్లు ముమ్మరమగును. బిడ్డ ఆరోగ్యముగానే యున్నాడు గదా యని తల్లిదండ్రులు వాయిదా వేయుదురు. సార్వా పోయినచో మఱుసటి యేట నాటుకొనవచ్చును. బిడ్డ విషయమున రెండవ పంట లేదు.

తొమ్మిదవ నెలలో తట్టు టీకాయు ఇయ్యవలసియున్నది గనుక ఒక్క ప్రయాణమున రెండు పనులు నెరవేరును. మొదటి మోతాదు ఏడాదిలోపు పడియున్నచో, తప్పినవానిని ఆలస్యముగానైనను పూర్తి చేయింపవచ్చును.

ఈ సూక్ష్మజీవిలో నూటికి పైగా రకములు కలవు. టీకా ముఖ్యమైన కొన్నిటినే అడ్డును. కావున టీకా పడిన బిడ్డయైనను దగ్గుతో డొక్కలెగరవేసినను, నిమిషమునకు ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, ఏడాది దాటిన బిడ్డ 40 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీసినను తక్షణమే వైద్యునికి చూపవలెను.

కాలువ నీటి వంతు తేదీని మఱువని మనము, టీకా కార్డులోని తేదీని మాత్రము మఱువనేల?