దూకుడు నిధుల సమీకరణ, పెట్టుబడి మోసం: తేడా ఎక్కడ?

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• వ్యాపార నష్టానికీ పెట్టుబడి మోసానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• పెట్టుబడి పథకాన్ని పరీక్షించడానికి అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

పెట్టిన డబ్బు పోతే 'మోసపోయాం' అంటాం. వడ్డీ నెలనెలా చేతికి వస్తుంటే 'నమ్మకమైన సంస్థ' అంటాం. ఈ రెండు కొలతలూ సరైనవి కావు. ఎందుకో మూడు ఉదాహరణల ద్వారా తెలుసుకుందాం.

2. చెప్పిన గడువుకు ముందే చెల్లించిన మోసగాడు

1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ పాంజీ అనే వ్యక్తి 90 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానని డబ్బు సేకరించాడు. 45 రోజులకే చెల్లించేవాడు. ఇతర దేశాల్లో తపాలా కూపన్లు చౌకగా కొని అమెరికాలో మార్చడం తన వ్యాపారమని చెప్పాడు. అయితే అతను సేకరించిన మొత్తానికి దాదాపు 16 కోట్ల కూపన్లు కావాలి. చెలామణిలో ఉన్నవి సుమారు 27 వేలు మాత్రమేనని ఒక ఆర్థిక పాత్రికేయుడు లెక్క తేల్చాడు. పాతవారికి ఇచ్చిన 'లాభం' కొత్తవారు కట్టిన సొమ్మే. ఆ ఏడాది ఆగస్టులో పథకం కుప్పకూలింది.

3. నష్టాలు దాచని వ్యాపారం

అమెజాన్ సంస్థ 1997లో షేర్లు అమ్మినప్పుడు, ఇంకా కొంతకాలం గణనీయమైన నష్టాలే ఉంటాయని తన ప్రాస్పెక్టస్‌లో రాసింది. 2000 చివరికి దాని దీర్ఘకాలిక అప్పు 200 కోట్ల డాలర్లు దాటింది. షేరు ధర 90 శాతానికి పైగా పడిపోయింది. తొలిసారి లాభం కనిపించింది 2001 చివరి త్రైమాసికంలో. ఇది దూకుడైన సమీకరణే కాని మోసం కాదు. డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో, ప్రమాదం ఎంతో మదుపరుల ముందు ఉంచింది.

పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తేవడం కూడా వ్యాపారంలో మామూలే. ఆ సంగతి కొత్తగా ఇచ్చేవారికి తెలిసి ఉండాలి, అంతే.

4. నిజమైన సంస్థలో అబద్ధపు లెక్కలు

వ్యాపారం నిజమైతే మోసం ఉండదనుకోవద్దు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్‌కు ఖాతాదారులూ ఉద్యోగులూ నిజంగానే ఉన్నారు. కాని పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో సుమారు 5,040 కోట్ల రూపాయలు లేనివేనని సంస్థ అధినేతే 2009 జనవరి 7న లేఖ ద్వారా వెల్లడించారు. షేరు కొన్నవారు ఆ లెక్కలను నమ్మి కొన్నారు.

5. చట్టం దృష్టి

ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోవడం దానంతటదే మోసం కాదు. మాట ఇచ్చేనాటికే దురుద్దేశం ఉండాలి అని సుప్రీంకోర్టు 2000లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. అయితే 2019 నాటి నియంత్రణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద అలాంటి పథకం నడపడమే నేరం. తెలిసి తప్పుడు మాటలతో ఇతరులను అందులో చేర్పించినవారూ శిక్షార్హులే. కమీషను కోసం బంధువులను చేర్పించే ముందు ఈ విషయం గుర్తుంచుకోండి.

6. అడగవలసిన ప్రశ్నలు

• నాకు ఇచ్చే లాభం ఏ సంపాదన నుంచి వస్తుంది?
• కొత్తవారు చేరడం ఆగితే చెల్లింపులు సాగుతాయా?
• ఆడిట్ అయిన లెక్కలు, నియంత్రణ సంస్థ అనుమతి ఉన్నాయా?
• నష్టం రావచ్చని రాతపూర్వకంగా చెప్పారా?

చివరి ప్రశ్నకు 'నష్టమే రాదు' అన్న జవాబు వస్తే అది భరోసా కాదు, హెచ్చరిక.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పాంజీ సకాలంలో చెల్లించినా అది మోసం ఎందుకయింది?
2. అమెజాన్, సత్యం ఉదాహరణల మధ్య ప్రధాన భేదం ఏమిటి?