విశాఖ ఎంత దూరం?

సికింద్రాబాద్ స్టేషన్లో వందే భారత్ ఎక్కితే విశాఖపట్నం 699 కిలోమీటర్లు. శంషాబాద్‌లో విమానం ఎక్కితే దాదాపు 510. రెండు లెక్కలూ సరైనవే. రైలు వరంగల్, ఖమ్మం మీదుగా ఆగ్నేయానికి దిగి విజయవాడలో కృష్ణ ఒడ్డు చేరుతుంది. అక్కడ మలుపు తిరిగి, రాజమండ్రి దగ్గర గోదావరి దాటి, ఈశాన్యంగా పైకి పోతుంది. పటం మీద గీసి చూడండి, తోరణంలా కిందికి వేలాడుతుంది. విమానానిది తోరణం రెండు కొసలనూ కలిపే గీత.

ఆ 510 ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి పదో తరగతి లెక్కలు చాలు. రెండు విమానాశ్రయాల మధ్య రేఖాంశాల తేడా సుమారు 4.8 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో డిగ్రీ 111 కిలోమీటర్లు. మన అక్షాంశం దగ్గరకొచ్చేసరికి అది 106కు తగ్గుతుంది. అంటే తూర్పుకు 509, ఉత్తరానికి మరో 53. ఇక మిగిలింది పైథాగరస్ పని. అమెరికా ప్రయాణమైతే భూమి గుండ్రతనాన్ని లెక్కలోకి తీసుకోవాలి కానీ, ఇంత దగ్గరికి అక్కర్లేదు. అన్నట్టు, మిట్టమధ్యాహ్నం విశాఖ మీదున్న సూర్యుడు ఈ దూరం దాటి మన దగ్గరికి రావడానికి 19 నిమిషాలు పడుతుంది. గడియారాలు మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకే టైము చూపిస్తాయి.

జెట్ విమానం వేగం గంటకు 830 కిలోమీటర్లు అనుకుంటే, 37 నిమిషాల్లో దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం గంటంబావు దాకా ఉంటుంది. విమానయాన సంస్థలు లెక్కపెట్టేది ‘బ్లాక్ టైమ్’. చక్రాల కింద అడ్డు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ అడ్డు పెట్టే దాకా. రన్‌వే దాకా పాకడం, అక్కడ వరసలో నిలబడడం అంతా అందులోదే. గాల్లోకి లేచాక కూడా 10,000 అడుగుల లోపు గంటకు 460 కిలోమీటర్లు మించకూడదన్నది మామూలు నిబంధన. ఇక దిగడం. 30,000 అడుగుల నుంచి మెల్లగా జారుతూ రావడానికే సుమారు 165 కిలోమీటర్లు కావాలి. మొత్తం దారిలో మూడో వంతు! ఎక్కడానికీ దాదాపు అంతే. ఒకే ఎత్తులో, పూర్తి వేగంతో పోయేది మధ్యలో మిగిలిన ముక్క మాత్రమే. కాఫీ బండి చివరి వరసకు చేరకముందే బెల్టులు పెట్టుకోమనేది అందుకే.

గాలి సంగతీ ఉంది. చలికాలంలో పైన వీచేవి పడమటి గాలులు, విశాఖ వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తాయి. వానాకాలంలో దక్షిణ భారతం మీద అవి తూర్పు గాలులుగా మారతాయి. చాలా ఎత్తున నదిలా పారే ఆ తూర్పు గాలి, అంటే ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం, స్వరూపాన్ని 1958లో ప్రపంచానికి వివరించింది మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఇంత చిన్న దారిలో దాని ప్రభావం ఒకటి రెండు నిమిషాలే అనుకోండి. అయినా ఆ పేరు చెప్పకుండా ముందుకు పోబుద్ధి కాలేదు.

నిమిషాలు కాదు, గంటలు పోయేది నేల మీద. 2008 మార్చి దాకా సికింద్రాబాద్ వాళ్లకు బేగంపేట విమానాశ్రయం ఆటో దూరంలో ఉండేది. ఇప్పుడు ఊరంతా దాటి శంషాబాద్ పోవాలి. దారికి గంటన్నర, తనిఖీలకని ముందే చేరడానికి గంటన్నర, బ్లాక్ టైమ్ గంటంబావు, అవతల సామాను తీసుకుని ఇల్లు చేరడానికి ముప్పావు గంట. వెరసి ఐదు గంటలు. వందే భారత్‌కు స్టేషన్ నుంచి స్టేషన్‌కు ఎనిమిదిన్నర. సికింద్రాబాద్ చిలకలగూడలో ఇంటికి తాళం వేసినప్పటి నుంచి విశాఖలో తలుపు తట్టే దాకా చూస్తే, ఆ జెట్టు సగటు వేగం గంటకు వంద కిలోమీటర్లు. 699 కిలోమీటర్లు చుట్టి వచ్చే రైలుది 82.