విత్తనంలో మార్పు: మేలు ఎంత? జాగ్రత్త ఎంత?



పై తరగతుల పిల్లలు సైన్సులో జన్యువుల గురించి చదువుతారు. ఇంటికొచ్చి "జన్యువులను మార్చడం మంచిదా, చెడ్డదా?" అని అడిగితే ఏం చెప్పాలి? శిరివెళ్ల, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మనమెరిగిన పత్తి, వరి చాలు.

పత్తి నేర్పిన పాఠం

నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చితే వచ్చిందే బీటీ పత్తి. దాన్ని తిన్న శనగపచ్చ పురుగు చనిపోతుంది. మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. మొదటి ఏళ్లలో మందు పిచికారీలు తగ్గాయి. రైతుకు ఖర్చూ తగ్గింది, ఒంటికి విషమూ తగ్గింది. తర్వాత గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ మందు కొట్టక తప్పలేదు.

బీటీ పత్తి ఎక్కువగా హైబ్రిడ్ విత్తనంగానే వచ్చింది కనుక ఏటా కొనాలి. ఆ విత్తనం తయారు కావాలంటే పువ్వు పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆ పనికి ఆడపిల్లలను బడి మాన్పించి పంపిన సంగతి పరిశోధకులు నమోదు చేశారు. బీటీ రాకముందు నుంచీ హైబ్రిడ్ పత్తిలో ఉన్న పద్ధతే ఇది. తప్పు జన్యువుది కాదు. అయినా విత్తనం లాభం లెక్కేసేటప్పుడు ఆ పిల్లల చదువునూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు వరి

హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన 'కమల' వరిని 2025 మే నెలలో కేంద్రం ప్రకటించింది. దీనికి మూలం బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. ఇందులో బయటి జన్యువు లేదు. వరికి ఉన్న జన్యువునే కొద్దిగా సవరించారు. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, సుమారు 20 రోజులు ముందే కోతకు వస్తుందని సంస్థ చెబుతోంది. అదే నిజమైతే నీటి తడులు తగ్గుతాయి. కాలువ చివరి భూములకు అది చిన్న మేలు కాదు.

ఇలాంటి రకాలకు కఠినమైన జీవభద్రత నిబంధనల నుంచి 2022లో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. పరీక్షల వివరాలన్నీ బయటపెట్టాలని, సవరణ పద్ధతిపై పేటెంట్లు ఉన్నందున విత్తనంపై రైతు హక్కు ఏమవుతుందో చెప్పాలని విమర్శకులు అడుగుతున్నారు.

మనుషుల విషయంలో

సికిల్ సెల్ జబ్బుకు జన్యు సవరణ చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. మన మన్యం కుటుంబాలనూ పీడించే జబ్బు ఇది. కానీ అమెరికాలో ఆ చికిత్స ధర 22 లక్షల డాలర్లు! మరోవైపు, కవలల జన్యువులను పిండ దశలోనే మార్చానని 2018లో చైనా శాస్త్రవేత్త ఒకరు ప్రకటించారు. ఆయనకు జైలు శిక్ష పడింది. అలాంటి మార్పు తరతరాలకూ వెళ్లగలదు. ఆ తరాల అనుమతి ఎవరు అడుగుతారు?

ఈ నెల పిల్లలతో మాట్లాడండి

• దీనివల్ల మేలు ఎవరికి?
• పొరపాటు జరిగితే నష్టం ఎవరికి?
• పరీక్షించింది ఎవరు? నిర్ణయించింది ఎవరు?

"మంచిదా, చెడ్డదా?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేయకండి. ఈ మూడు ప్రశ్నలూ అడగడం అలవాటైతే, రేపు ఏ కొత్త విత్తనం వచ్చినా, ఏ కొత్త మందు వచ్చినా మీ పిల్లలు తామే ఆలోచించి తేల్చుకోగలరు.