నిశ్శబ్దం వెనుక అలజడి

పుస్తకం మరచివచ్చిన విద్యార్థినిని ఒకనాడు సోమరి అన్నాను. తరగతిగది మారినందుకు ఆమెయే కలతపడితే మొండిదన్నాను. ఏకాగ్రత నిలువనీయని ఏడీహెచ్‌డీ, మార్పును సహింపని ఆటిజం ఒకే బాలికలో ఉండవచ్చునని నాకు తోచలేదు. వైద్యులూ చిరకాలం అంగీకరించలేదు. 1943లో లియో కానర్ వర్ణించిన 11 మంది ఆటిజం పిల్లలలో బాలికలు ముగ్గురే. 1994 నాటి అమెరికా మనోవైద్య సంఘ గ్రంథం ఈ రెండింటినీ ఒకే వ్యక్తిలో నిర్ధారించరాదన్నది. 2013లో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఒకటి కొత్తదనాన్ని కోరుతుంది, మరొకటి అలవాటును వదలదు. కనుక ఒకదానినొకటి కప్పివేస్తాయి. పైగా, అణకువయే అలంకారమని విని పెరిగిన బాలికలు పలువురు తోటివారి నవ్వును, మాటతీరును అనుకరించి తమ ఇబ్బందిని దాచుకుంటారు. ఇల్లు చేరగానే అలసి కూలబడతారు. అధ్యాపకునికి కనిపించేది మౌనమే. కొందరు స్త్రీలకు తమ బిడ్డను వైద్యునికి చూపించిన నాడే తమ బాల్యం బోధపడుతున్నది.