సక్కరు చేప

సక్కరు చేప దక్షిణ అమెరికా ఖండానికి చెందిన మంచినీటి చేప. దీని ప్రజాతి నామము టెరిగోప్లిక్తిస్, కుటుంబము లోరికారిడే. మన జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి చేపలవలె ఇది కూడా మీసాల చేపల క్రమానికి (సిలూరిఫార్మిస్) చెందినది. ఆంధ్రప్రదేశ్‌లో దీనిని దెయ్యం చేప, రాకాసి చేప అని కూడా పిలుస్తారు.

శరీర నిర్మాణము

మీసాల చేపలకు సాధారణంగా పొలుసులు ఉండవు. ఈ చేప శరీరాన్ని మాత్రం గట్టి ఎముక పలకలు కవచంవలె కప్పి ఉంటాయి. నోరు తల అడుగుభాగాన ఉంటుంది. వెడల్పైన పెదవులు చూషకంగా మారడంవల్ల ఇది రాళ్ళను, కర్రలను గట్టిగా పట్టుకొని వాటిపై పెరిగే నాచును గీకి తింటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఉపరితలానికి వచ్చి గాలిని మింగి, జీర్ణాశయము ద్వారా శ్వాసిస్తుంది. అందువల్ల నీటి బయట కూడా చాలా గంటలు బ్రతుకుతుంది.

ఆఫ్రికా చేపలతో పోలిక

ఆఫ్రికాలోని వేగవంతమైన నదులలో కైలోగ్లానిస్ అనే చూషక నోటి చేపలున్నాయి. ఈ ప్రజాతికి 1868లో పీటర్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'కైలోస్' అనగా పెదవి. వీటి పెదవులు, మీసాలలో కొంతభాగం కలసి గుండ్రని బిళ్ళగా ఏర్పడినవి. ఇవి మోకోకిడే కుటుంబానికి చెందినవి. సక్కరు చేపకు దగ్గరి బంధువులు కావు. ప్రవాహానికి కొట్టుకొనిపోకుండా నిలవవలసిన అవసరమే రెండు ఖండాలలోనూ ఒకే విధమైన నోటిని రూపొందించినది. దీనిని అభిసారి పరిణామము అంటారు.

కృష్ణా డెల్టాలో

గాజుతొట్టెలలో నాచును శుభ్రం చేస్తుందని ఈ చేపను మన దేశానికి తెచ్చారు. పెద్దదైన తరువాత కొందరు దానిని చెరువులలో, కాలువలలో వదలివేయడంతో అది ప్రకృతిలోకి చేరినది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి నుండి బందరు కాలువ మచిలీపట్నం వైపు సాగుతుంది. పులిగడ్డ అక్విడక్టు ద్వారా దివిసీమకు నీరు అందుతుంది. గుడివాడ ప్రాంతపు చేపల చెరువులకు కూడా కాలువల నీరే ఆధారము. ఇట్లు ఒకదానితో ఒకటి కలిసిన నీటి దారులలో ఒకచోట చేరిన చేప మరొకచోటికి వ్యాపించడం సులభము.

నష్టాలు

పదునైన వాజపు ముళ్ళు వలలను చింపివేస్తాయి. శీలావతి, బొచ్చె వంటి చేపలతో ఇది చోటుకు, ఆహారానికి పోటీపడుతుంది. మట్టి గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెడుతుంది. మగచేప వాటికి కాపలా కాస్తుంది. ఈ బొరియలవల్ల గట్లు బలహీనపడతాయి. మెక్సికోలోని ఇన్ఫియర్నిల్లో జలాశయంలో ఈ చేపలవల్ల జాలరుల జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్నది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళను పరీక్షించి, తూర్పు కనుమలలోని నీటి వనరులలో సుమారు 60 శాతానికి ఇది వ్యాపించినట్లు గుర్తించారు.

నివారణ

వలలో పడిన సక్కరు చేపను తిరిగి నీటిలో వదలరాదు. గట్టుపై పడవేసినంత మాత్రాన అది వెంటనే చనిపోదు కనుక, చంపి నీటికి దూరంగా పూడ్చివేయడం మంచిది. చెరువు తూములకు సన్నకన్ను జాలీలు అమర్చాలి. వేసవిలో కాలువలు కట్టినప్పుడు గట్లలోని బొరియలను వెదకి పూడ్చాలి. తొట్టెలలో పెంచేవారు దీనిని ఎట్టి పరిస్థితులలోనూ బయటి నీటిలో విడువరాదు.